ఐసు గడుల్లో గడియారం

కిందటివారం మనం ఆ ఇంటినుంచి బయటికొచ్చేసరికి, పెద్దాయన రెండు తాళంచెవులు భోజనాల బల్లమీద పెట్టి, "రేపట్నించి కొట్టు తెరవను. ఎవరికి ఇచ్చుకుంటారో ఇచ్చుకోండి" అనేసి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. కొడుకు తలుపు కొట్టాడు. కోడలు అన్నానికి పిలిచింది. లోపలినుంచి దగ్గు తప్ప జవాబు రాలేదు.

ఆ రెండిట్లో ఒకటి వాచీల కొట్టుది. అది అప్పుడప్పుడూ చేతులు మారేదే. రెండోది పనిముట్ల పెట్టెది. నల్లదారానికి కట్టి మెడలో వేసుకునే ఆ తాళంచెవిని పెద్దాయన స్నానానికి కూడా తియ్యడు. ఆస్పత్రిలో ఛాతీకి ఎక్స్‌రే తీస్తాం, అది తీసెయ్యండంటే నర్సుతో గొడవపడి, చివరికి పిడికిట్లో బిగించి పట్టుకుని పడుకున్న మనిషి. అలాంటిది ఆ తాళంచెవి ఇప్పుడు ఉప్పుసీసా పక్కన దిక్కులేనిదానిలా పడి ఉంది. తెల్లవారాక కూడా అక్కడే ఉంది.

బస్సు డ్యూటీకి బయల్దేరుతూ కొడుకు దాన్ని ఒకసారి చూశాడు.

"చెయ్యి వణుకుతోందని నాన్న ఒప్పుకున్నాడే, అంతే. ఎప్పటికైనా జరగాల్సిందేగా" అన్నాడు బూట్ల లేసులు బిగిస్తూ.

"ఒప్పుకున్న మనిషి మొహం అలా ఉంటుందాండీ?" అంది కోడలు.

"నువ్వు ఇప్పుడు ఆయన్ని కదపకు. నాలుగు రోజులు పోతే ఆయనే సర్దుకుంటాడు."

"అసలు ఏం జరిగిందో తెలుసుకోవద్దా?"

"తెలుసుకుని ఏం చేస్తావు? కొట్లో కూచుని వాచీలు నువ్వు బాగుచేస్తావా?" అని నవ్వి, టిఫిన్ డబ్బా సంచీలో వేసుకుని వెళ్ళిపోయాడు.

కోడలు నవ్వలేదు. వాకిట్లో నిలబడి అతను మలుపు తిరిగేదాకా చూసింది. అతను వేళాకోళానికి అన్న మాట ఆమెకి సూటిగా తగిలింది. ఎందుకంటే కొన్ని నెలలుగా ఆ ఇంట్లో వాచీలు బాగుచేస్తున్నది ఆమే. ఈ సంగతి కథ మొదటినుంచీ చదువుతున్నవాళ్ళకి తెలుసు. ఇంట్లో మాత్రం ఆమెకి తప్ప పిట్టకి కూడా తెలియదు.

అత్తగారు పోయినప్పటినుంచీ సాయంత్రాలు పెద్దాయన పనిబల్ల దగ్గర కోడలు కూచునేది. బఠానీలు ఒలుచుకునేదో, చిరిగిన బట్టలు కుట్టుకునేదో. పెద్దాయనకి పని చేస్తూ పైకి మాట్లాడుకునే అలవాటు. "ముందు కీ ఇచ్చే పుల్ల బయటికి లాగాలి. ఇప్పుడు ముళ్ళు. డయలుకి గీత పడకూడదు, పడిందా, మన పరువు పోయినట్టే" అంటూ ఎదురుగా అత్తగారున్నట్టే చెప్పుకుపోయేవాడు. కోడలు చెవులు ఊరికే ఉండేవి కావు. కళ్ళూ అంతే. అలా విని, చూసి, ఒక్కనాడైనా వాచీ ముట్టుకోకుండానే ఆ పనంతా బుర్రలోకి ఎక్కించుకుంది.

తర్వాత ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. కొట్లో లొంగని వాచీలని బిస్కట్ల డబ్బాలో వేసి ఇంటికి తెచ్చుకునేవాడు, నిదానంగా చేద్దామని. ఒక సాయంత్రం, ఆస్పత్రి నర్సు వాచీ. మూడుసార్లు వచ్చి తిరిగి వెళ్ళింది పాపం. పట్టకారుతో చిన్న చక్రాన్ని పట్టుకుని మిషనులో దింపబోతే, పట్టకారు పళ్ళెం అంచుకి తగిలి టకటకటక కొట్టుకుంది. ఆయన చక్రాన్ని కింద పెట్టేసి, రెండు చేతులూ తొడల కింద దాచుకుని చాలాసేపు అలాగే కూచున్నాడు. చలికి ముడుచుకున్న చిన్నపిల్లాడిలా. కోడలు గుమ్మంలో నిలబడి అది చూసింది.

మర్నాడు ఆయన కొట్టుకి వెళ్ళాక బిస్కట్ల డబ్బా తెరిచింది. ఊరికే చూద్దామనే తెరిచింది. సాయంత్రం ఆయన వచ్చి డబ్బా తీస్తే నర్సు వాచీ తిరుగుతోంది. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, "నిన్న అయిపోయిందన్నమాట! చూశావా, అమ్మాయ్, ఈ చెయ్యి ఇంకా చచ్చిపోలేదు" అన్నాడు. ఆ మొహంలో వెలుగు చూశాక నిజం చెప్పడానికి ఏ కోడలికి నోరొస్తుంది? చెప్పలేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ చేసింది.

ఇంతకీ ఆ వెలుగు ఎప్పుడు ఆరిపోయిందో ఆమె గమనించలేదు. ఈమధ్య డబ్బా తెరిచి, తిరుగుతున్న వాచీని చూసి ఆయన ఏమీ అనడంలేదు. మూత పెట్టేసి లేచిపోతున్నాడు. వయసు, అలసట అనుకుంది.

ఆ పొద్దున గిన్నెలు కడిగి, కొట్టు తాళంచెవి తీసుకుని బయల్దేరింది. జనం ఇచ్చిన వాచీలు అక్కడ అద్దాల పెట్టెలో ఉండిపోయాయి కదా, వాటినైనా ఇంటికి తెద్దామని.

మెట్ల కింద ఇరుక్కున్నట్టుండే కొట్టు అది. ఒకరు లోపలుంటే ఇంకొకరు వీధిలోనే నిలబడాలి. ఆమె షట్టరు సగం లేపేసరికే పక్కనే కళ్ళద్దాలు అమ్మే కొట్టులోంచి కళ్ళద్దాలాయన వచ్చేశాడు. పెద్దాయనకి ఎన్నో ఏళ్ళ స్నేహితుడు. లెన్సు తుడిచే గుడ్డ చేతిలోనే ఉంది.

"వాడెలా ఉన్నాడమ్మా?"

"గదిలోంచి రావట్లేదు బాబాయ్‌గారూ. మీకేమైనా చెప్పారా?"

ఆయన గుడ్డ మడత పెట్టాడు. విప్పాడు. మళ్ళీ మడత పెట్టాడు. "చెప్పొద్దన్నాడు" అన్నాడు.

"అంటే చెప్పారన్నమాటేగా."

"నీ బుర్రకేం తక్కువలేదమ్మా!" అని నిట్టూర్చి, స్టూలు లాక్కుని కూచున్నాడు. "మొన్న వాడు నాకు మీ ఇంటికి దారి చెప్పాడు. తెలుసా? మీ పెళ్ళికి కుర్చీలు వేసింది నేను, మీ గడప నాకు తెలీదా? అయినా కాగితం మీద గీతలు గీసినట్టు చెప్పాడు. ఇక్కడ మలుపు, అక్కడ పాల కేంద్రం అని. ఎందుకురా అంటే, నేను ఎప్పుడైనా ఇక్కడ కూచుని దిక్కులు చూస్తుంటే నన్ను తీసుకెళ్ళి ఇంట్లో దింపు అన్నాడు."

కోడలికి అర్థం కాలేదు. "దిక్కులు చూడ్డమేమిటి?"

"చేసిన పని గుర్తుండట్లేదటమ్మా. చేతకాక పక్కన పెట్టిన వాచీ మర్నాటికి తిరుగుతోందట. తను చేసినట్టు జ్ఞాపకం లేదట. మొదట్లో, నిద్రమత్తులో చేశానేమో అనుకున్నాడట. తర్వాత తర్వాత ప్రతి వాచీకీ అదే తంతు. పెట్టె తాళం మెడలోనే ఉంది. పనిముట్లు లేకుండా వాచీ ఎవడు చేస్తాడు? అంటే తనే చేస్తున్నాడు, తనకే తెలీట్లేదు. వాళ్ళన్నయ్య సంగతి నీకు తెలుసుగా?"

తెలుసు. పెద్దాయన అన్నగారు చివరి రోజుల్లో, అన్నం పెడుతున్న భార్యని పట్టుకుని, "ఎవరమ్మా నువ్వు? మీవాళ్ళు నీకోసం చూస్తుంటారు, ఇంటికెళ్ళు" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా పెద్దాయన అక్కణ్ణించి లేచి వెళ్ళిపోయేవాడట.

"ఒంటరిగా డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చాడు" అన్నాడు కళ్ళద్దాలాయన. "ఇంట్లోవాళ్ళని ఎవరినైనా తోడు తెచ్చుకోండి, పరీక్షలు చెయ్యాలి అన్నాడట ఆయన, రేపటికి రమ్మన్నాడట. మీతో ఎలా చెప్పాలో తెలీక కొట్టు మూసుకున్నాడు."

 కోడలు షట్టరు పట్టుకుని నిలబడింది. తను ఇన్నాళ్ళూ ఆయన చేతుల పరువు కాపాడుతున్నాననుకుంది. ఆయన బుర్రమీద ఆయనకే నమ్మకం లేకుండా చేసింది.

వాచీల మాట మరిచిపోయింది. షట్టరు దించి, దాదాపు పరుగెత్తుతున్నట్టే ఇంటికొచ్చింది.

పెద్దాయన గది తలుపు ఓరగా ఉంది. లోపలినుంచి సన్నగా గొణుగుడు. కోడలు ఆగి విన్నది. "వెనక మూత. రబ్బరు చుట్ట. కీ. మిషను. ముళ్ళు, డయలు. బ్యాలెన్సు చక్రం, దాని బ్రిడ్జి..." రేపు పరీక్ష ఉన్న పిల్లాడు పాఠం వల్లెవేసినట్టు, వాచీలోని ముక్కలన్నిటినీ వరసగా చెప్పుకుంటున్నాడు. ఒకచోట తడుముకున్నాడు. మళ్ళీ మొదటికొచ్చి, "వెనక మూత" అన్నాడు.

ఆమె వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టింది. చేతులు ఏదో ఒకటి చేస్తూ ఉంటే తప్ప ఏడుపు ఆగేలా లేదు. కప్పుతో లోపలికి వెళ్ళేసరికి ఆయన మంచం అంచున కూచుని కప్పుకేసి అనుమానంగా చూశాడు.

"ఇందాక ఒకసారి ఇచ్చావామ్మా?"

"లేదు మావయ్యా. ఇదే."

"నిజంగా?"

"నిజంగా."

ఆయన కప్పు అందుకున్నాడు. టీ సాసరులోకి తొణికింది. కోడలు నేలమీద కూచుంది.

"మావయ్యా, ఒక మాట చెబుతాను. మధ్యలో ఆపకండి. ఆ వాచీలు మీరు చెయ్యలేదు. నేను చేశాను. నర్సుగారి వాచీ దగ్గర్నుంచీ అన్నీ నేనే. మీరు మర్చిపోలేదు. మీరు చెయ్యనిది మీకెలా గుర్తుంటుంది?"

 పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. కోపంగా కాదు, జాలిగా.

"మావాడు చెప్పమన్నాడా? కళ్ళద్దాలవాడు వాగేసి ఉంటాడు, మొగుడూ పెళ్ళాం కలిసి ఈ ఉపాయం ఆలోచించారు. ముసలాణ్ణి ఓదార్చాలని. మంచిదే తల్లీ, కానీ నాకు అలాంటివి అక్కర్లేదు."

"ఒట్టు మావయ్యా. ఆయనకి ఈ సంగతే తెలీదు."

"పెట్టె తాళం నా మెడలో ఉంటే నువ్వు దేంతో చేశావమ్మా? గరిటెతోనా?"

"చెంచాలతో" అంది కోడలు.

 ఆమె లేచి వెళ్ళింది. వంటింట్లో అన్నిటికంటే కింది అరలో, హ్యాండిల్ ఊడిన పాత కుక్కరు ఉంది. మగవాళ్ళెవరూ ఆ ఇంట్లో వంగి చూడని చోటు అది. ఆ కుక్కరుని ఎత్తుకొచ్చి కిటికీ పక్క బల్లమీద పెట్టి, మూత తీసి, లోపలున్నవి ఒక్కొక్కటే బయటికి తీసింది.

మొదట రెండు టీ చెంచాలు వచ్చాయి. కాడల చివర్లు రాతిమీద అరగదీసి పలచగా చేసినవి. "వీటితో ముళ్ళు పైకి లేపుతాను. కింద పాలకవరు ముక్క వేస్తాను, డయలుకి గీత పడకుండా."

పెద్దాయన చెంచా అందుకుని అంచుని బొటనవేలితో తడిమాడు. "ఇవి నేను పంచదార డబ్బాలో ఎన్నిసార్లు వెతికానో తెలుసా? చెంచాలు కూడా ఎక్కడో పెట్టి మర్చిపోతున్నాననుకున్నాను" అన్నాడు.

తర్వాత కనుబొమ్మలు తీర్చుకునే పట్టకారు. టీ కప్పు అడుగున గరుగ్గా ఉండే అంచుమీద సాన పట్టింది. తర్వాత గోనెసంచులు కుట్టే సూదులు, కొనలు చదును చేసి, రీఫిల్లు అయిపోయిన పెన్నుల్లో బిగించినవి. స్క్రూడ్రైవర్లు అన్నమాట. ఆయన ఒకదాన్ని తిప్పి చూసి పెదవి విరిచాడు. "ఇది రెండు స్క్రూలకే వంగిపోతుంది."

"వంగుతుంది. అందుకే ఆరు చేసుకున్నాను."

జామ్ సీసా మూతకి చిల్లిపెట్టి లెన్సు అంటించిన భూతద్దం కనిపించగానే ఆయన కనుబొమ్మలు పైకి లేచాయి. ఆ లెన్సు కళ్ళద్దాలాయన దగ్గర, సూదిలో దారం ఎక్కడంలేదని అబద్ధం చెప్పి తెచ్చుకున్నది. బిగుసుకున్న వెనక మూతలు తిప్పడానికి మెత్తటి రబ్బరు బంతి. దుమ్ము ఊదడానికి చెవిలో మందు వేసే రబ్బరు బుడ్డి. పెట్రోలులో ముక్కలు కడగడానికి టీ జల్లెడ.

"అదే జల్లెడతో నాకు టీ ఇచ్చావా?"

"లేదు మావయ్యా! ఇది వేరే!"

"ఏమో, ఈమధ్య టీ పెట్రోలు వాసనొస్తోంది, నా నాలుక కూడా చెడిపోయిందనుకున్నాను." నవ్వు కాదు గానీ, నవ్వుకి దగ్గరగా ఏదో ఆయన మొహంలో కదిలి మాయమైంది. "నూనె? కుట్టుమిషను నూనె పోసి వాచీల గొంతు కొయ్యలేదు కదా?"

"మీరు అయిపోయిందని చెత్తబుట్టలో పారేసిన సీసాలది. అడుగున బొట్టు ఉంటుంది. దాన్ని గోళ్ళరంగు సీసా మూతలో పెట్టుకుని, సూదిమొనతో అద్దుతాను."

చివరగా ఐసు ట్రే తీసింది. విప్పిన ముక్కలు విప్పిన వరసలో ఒక్కో గడిలో వేసుకోవడానికి. గాలికి ఎగరకుండా పైన చుట్టే పలచటి ప్లాస్టిక్కు. ఇంక ముఖ్యమైన చిన్న స్క్రూలకి, అత్తగారి మాత్రలు వేసుకున్న పాత పెట్టె. దానిమీద వారాల పేర్లు సగం చెరిగిపోయి ఉన్నాయి. ఆయన దాన్ని ముట్టుకోలేదు. చూపు తిప్పుకున్నాడు.

అప్పుడు తన మణికట్టు మీదున్న వాచీ విప్పి బల్లమీద పెట్టాడు. పెళ్ళినాటి వాచీ.

"చెయ్యి" అన్నాడు. "బ్యాలెన్సు దాకా విప్పి మళ్ళీ బిగించు. నా ఎదురుగా."

కోడలు కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుంది. తువ్వాలు ఒళ్ళో పరుచుకుని, దాని అంచులు బల్లకి బట్టల క్లిప్పులతో బిగించింది, ఏ ముక్క జారినా నేలమీద పడకుండా. రబ్బరు బంతితో వెనక మూత తిప్పింది. పెద్దాయన అలవాటు చొప్పున పైకి అనడం మొదలుపెట్టాడు. "ముందు కీ..." ఆయన మాట పూర్తయ్యేలోపే ఆమె కీ లాగేసింది. "మిషను బయటికి తీసి, ముళ్ళు..." పాలకవరు ముక్క అప్పటికే డయలుమీద ఉంది. రెండు చెంచాలూ రెండువైపులా ఒకేసారి కదిలాయి. ముళ్ళు రెండూ చిన్నగా టిక్కుమని వచ్చాయి. సీసా మూతని కత్తిరించి చేసిన కుదురులో మిషనుని బోర్లించింది.

అక్కడ పెద్దాయన కావాలనే నోరు మూసుకున్నాడు. ఆమె ఏం చేస్తుందో చూద్దామని. ఆమె నేరుగా చక్రం జోలికి పోలేదు. ముందు స్ప్రింగు బిగువు మెల్లగా వదిలింది. ఆ తర్వాతే చక్రాన్ని పట్టి ఉంచే బ్రిడ్జి స్క్రూ విప్పి, చక్రాన్ని పట్టకారుతో ఎత్తి, వెంట్రుకలాంటి స్ప్రింగు సాగిపోకుండా ఐసు ట్రేలోని గడిలో దింపింది.

పెద్దాయన ఊపిరి వదిలాడు.

అంతా మళ్ళీ బిగించి, కీ ఇచ్చి, వాచీ ఆయన చేతిలో పెట్టింది. ఆయన చెవి దగ్గర పెట్టుకున్నాడు. తిరుగుతోంది. మెచ్చుకుంటాడనుకుందేమో, కోడలు తలెత్తింది. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎంత పని చేశావే!" అన్నాడు. ఎప్పుడూ ఆమెని 'ఏమే' అని ఎరగడు. "నా చేతుల సంగతి నాకు తెలీదా? పోతే పోనీ అనుకున్నాను. కానీ ప్రతి సాయంత్రం ఆ డబ్బా మూత తియ్యాలంటే నాకు ఎంత భయంగా ఉండేదో నీకు తెలుసా? లోపల వాచీ ఆగి ఉండాలి దేవుడా అని మొక్కుకునేవాణ్ణి. వాచీలు చేసుకు బతికేవాణ్ణి, వాచీ తిరగకూడదని మొక్కుకున్నాను! నీ పేరు, మావాడి పేరు రోజూ పొద్దున్నే అనుకుని చూసుకునేవాణ్ణి, ఉన్నాయా పోయాయా అని."

"నాకు తెలీలేదు మావయ్యా. మీరు బాధపడతారనే..."

"బాధపెట్టకుండా మనిషిని ఇంతగా చంపచ్చని నాకూ తెలీదు."

 కోడలు తల వంచుకుని, బల్లమీద స్క్రూడ్రైవర్లని పొడుగూ పొట్టీ వరసలో సర్దుతూ కూచుంది. కన్నీళ్ళు తువ్వాలుమీద పడుతున్నాయి. పెద్దాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు.

"అయితే" అన్నాడు ఆయన. మళ్ళీ ఆగాడు. "అయితే నాకేం కాలేదన్నమాట."

"ఏం కాలేదు."

"అన్నయ్యలా..."

"కాదు మావయ్యా. అది నేను చేసిన పాపం. మీ బుర్ర నిక్షేపంలా ఉంది."

ఆయన మొహం మెల్లమెల్లగా విచ్చుకుంది. కోపం ఇంకా పోలేదు, కానీ దాని కిందనుంచి నవ్వు పైకొచ్చేస్తోంది. దాన్ని ఆపడం ఆయన వల్ల కాలేదు. ఫోను తీసి కళ్ళద్దాలాయనకి చేశాడు. "ఒరేయ్, దారి చెప్పాను కదా, మర్చిపో! నాకేం రోగం లేదు. మా కోడలే రోగం! రేపు ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళేది లేదు. వెళ్ళి ఏం చెప్పను, మా ఇంట్లో చెంచాలు వాచీలు చేస్తున్నాయనా?" అని పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో! కోడలు కన్నీళ్ళ మధ్యే నవ్వేసింది.

ఫోను పెట్టేసి ఆయన భోజనాల బల్ల దగ్గరికి వెళ్ళాడు. నల్లదారం తీసి మెడలో వేసుకోలేదు, చేతిలోనే పట్టుకుని వచ్చాడు. మంచం కిందనుంచి పనిముట్ల పెట్టె ఈడ్చాడు.

"నీ కనుబొమ్మల పట్టకారు అవతల పారెయ్. అసలు పట్టకారు పట్టుకుంటే ఎలా ఉంటుందో చూద్దువుగాని" అంటూ తాళం తిప్పుతూ, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "అన్నీ సరే గానీ, అమ్మాయ్, ఆ జేబు గడియారం మాత్రం నన్ను చంపేస్తోంది. దానికి కొత్త ఇరుసు ఎలా వేశావు?"

"ఏ జేబు గడియారం?" అనబోయింది కోడలు.

ఆయన అప్పటికే బల్ల సొరుగు లాగి, మెత్తటి గుడ్డలోంచి దాన్ని బయటికి తీశాడు. వెండి మూతలున్న పాత గడియారం. ఆమె దాన్ని ఇంతకుముందు ఎన్నడూ చూడలేదు. బిస్కట్ల డబ్బాలో అది ఎప్పుడూ లేదు.

"చక్రం ఇరుసు విరిగిపోయింది దీనికి. బజార్లో దొరకదు, ఉక్కు కడ్డీ తిప్పి కొత్తది చేసుకోవాల్సిందే. ఇంక నా వల్ల కాదని సొరుగులో పడేశాను. మొన్న తీసి చూస్తే తిరుగుతోంది! మూత విప్పి చూశాను కదా, ఎంత చక్కని ఇరుసు! నేను మంచి వయసులో ఉన్నప్పుడు చేసినంత నునుపు. అది చూశాకే నాకు గుండె జారిపోయింది, కొట్టు మూసేశాను." ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. "అదీ నువ్వేగా?"

ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణంలో కోడలి బుర్రలో రేపటి డాక్టరు, అన్నగారి మాటలు, ఇప్పుడే విన్న నవ్వు అన్నీ గిర్రున తిరిగాయి.

"నేనే మావయ్యా" అంది.

"భేష్!" అని ఆయన తొడ చరిచాడు. పెట్టె మూత ఎత్తాడు. పై అరలో పట్టకార్లు, స్క్రూడ్రైవర్లు పాత వెల్వెట్టు గుడ్డలో పడుకుని ఉన్నాయి. అది పక్కకి తీసి, కింది అరలోంచి ఉక్కుని తిప్పి చెక్కే అరచెయ్యంత లేతు మిషను ఒకటి ఎత్తి బల్లమీద పెట్టాడు. "చూడు, నేనైతే దీంతో చేస్తాను. ఇది లేకుండా ఉక్కుని వెంట్రుకంత సన్నంగా ఎలా తిప్పావు తల్లీ?"

ఆయన ఆమె మొహంలోకి చూస్తున్నాడు. ఆమె లేతుకేసి చూసింది. దాని మొన దగ్గర తాజా నూనె తళతళలాడుతోంది. నూనెలో చిక్కుకుని, ఉంగరంలా చుట్టుకున్న సన్నని ఉక్కు తురుము. తుప్పు మచ్చయినా లేదు. నిన్నో మొన్నో చెక్కినట్టు కొత్తగా మెరుస్తోంది.

నిన్న రాత్రి బల్లమీద పెట్టేదాకా తాళంచెవి ఆయన మెడలో తప్ప ఎక్కడా లేదు. ఈ లేతుని ఇంకెవరూ తీసి ఉండరు.

ఆమె లేతుని ముందుకి జరుపుతున్నట్టు చెయ్యి చాచి, ఆ తురుముని వేలితో అద్ది తీసి గుప్పిట మూసింది.

"మాట్లాడవేం? దేంతో చేశావు? కుట్టుమిషనుతోనా? మిక్సీకి ఏమైనా తగిలించావా?" పెద్దాయన ముందుకి వంగాడు, కథ వినే పిల్లాడిలా. "అన్నీ చూపించావు, అసలైనదాన్నే దాచుకున్నావు. వెళ్ళి తీసుకురా. అది చూడందే నాకు అన్నం సహించదు."

కోడలు లేచి వంటింట్లోకి నడిచింది. గట్టుమీద గిన్నెలు, గరిటెలు, చాకు, బట్టలకి బటన్లు కుట్టే డబ్బా, గోడకి మేకులు కొట్టే సుత్తి. ఒక్కొక్కదాన్నే చూసింది. ఉక్కుని తిప్పగలిగేది ఆ వంటింట్లో ఏదీ లేదు. గుప్పిట్లో తురుము అరచేతిలో సన్నగా గుచ్చుకుంటోంది.

"దొరికిందా, అమ్మాయ్?" అని లోపలినుంచి పెద్దాయన ఉత్సాహంగా కేక వేశాడు.